ఎండాకాలపు పండు, చలికోరే ఈస్ట్

జూన్, జులై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి మామిడి కాయల ట్రాక్టర్లు బారులు తీరతాయి. వంతు వచ్చేసరికి అడుగున ఉన్న కాయ నలిగి, రసం కారి, పులిసిన వాసన మొదలవుతుంది. రైతుకు అది తూకంలో కోత. తొక్క మీద అప్పటిదాకా పస్తున్న ఈస్ట్‌కు మాత్రం విందు. 2025లో కాపు విరగకాసి ధర కుప్పకూలినప్పుడు, కిలోకు 12 రూపాయలు అందేలా చూస్తామనీ, అందులో 4 రూపాయలు తామే భరిస్తామనీ రాష్ట్ర ప్రభుత్వం ముందుకు రావాల్సి వచ్చింది. అలాంటి ఏడాది వచ్చినప్పుడల్లా, కాయను గుజ్జు చేసి డబ్బాల్లో నింపడం తప్ప వేరే దారి లేదా అన్న ప్రశ్న లేస్తుంది.

ఆ ప్రశ్నకు ఒక జవాబును తిరుపతిలోనే వెతికారు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం బయోకెమిస్ట్రీ విభాగంలో ఎల్. వీరాంజనేయ రెడ్డి, ఓ. విజయ సారథి రెడ్డి మామిడి రసాన్ని పులియబెట్టి వైన్ చేశారు. ఆ వైన్ గుణాలను పరీక్షించి 2005లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. 2011లో వెలువడిన మరో పత్రంలో ఉష్ణోగ్రత, ఆమ్లత్వం, సల్ఫర్ డైఆక్సైడ్ మోతాదు, గాలి తగలడం, ఈ నాలుగింటిని మారిస్తే ఈస్ట్ పెరుగుదలా వైన్ సువాసనా ఎలా మారతాయో చూశారు. నాలుగూ ముఖ్యమైనవే. కానీ మన ప్రాంతంలో మొదటి దానితో వేగలేకపోతే మిగతా మూడూ దండగ.

ఐరోపాలో ద్రాక్ష సెప్టెంబరు, అక్టోబరుల్లో కోతకు వస్తుంది. పండు తొట్టిలో పడేసరికి గాలి చల్లబడుతూ ఉంటుంది. బార్లీ బీరు అక్కడ ఒకప్పుడు ఎక్కువగా చలికాలపు పని. మన మామిడి అలా కాదు. సరిగ్గా నిప్పులు చెరిగే రోజుల్లో పండుతుంది. తిరుపతిలో మే నెల పగటి వేడి 40 డిగ్రీలు దాటడం మామూలే. జూన్ రాత్రుల్లో కూడా 27, 28కి దిగిందంటే అదృష్టం. మామూలు వైన్, బీరు ఈస్టులు హాయిగా పనిచేసేది 18 నుంచి 22 డిగ్రీల మధ్య. లాగర్ బీరు ఈస్ట్ ఇంకా చలి కోరుతుంది, 8 నుంచి 13. ఈ వ్యాసంలో డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.

గది వేడి సగం కథే. రెండో సగం పాత్ర లోపల ఉంది.

ఈస్ట్ ఒక్కో గ్లూకోజ్ అణువును రెండు ఇథనాల్ అణువులుగా, రెండు కార్బన్ డైఆక్సైడ్ అణువులుగా విడగొడుతుంది. ఆ క్రమంలో వెలువడే శక్తిలో కొంత తన బతుకుకు దాచుకుంటుంది. మిగిలింది వేడిగా రసంలో కలుస్తుంది. ఒక గ్రాము చక్కెర పులిస్తే బయటపడే వేడి దాదాపు 130 కేలరీలు. ఇవి బడిలో ఫిజిక్స్ మాస్టారు చెప్పిన చిన్న కేలరీలు, డైటింగ్ పట్టికల్లోవి కావు. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1000 కేలరీలు కావాలి. కాబట్టి లీటరు రసంలో 10 గ్రాముల చక్కెర పులిసిన ప్రతిసారీ ఆ రసం 1.3 డిగ్రీలు వేడెక్కాలి. తోతాపురి గుజ్జులో లీటరుకు సుమారు 150 గ్రాముల దాకా కరిగిన పదార్థాలుంటాయి, వాటిలో అత్యధికం చక్కెరలే. పుట్టిన వేడి ఎటూ పోకపోతే రసం 19 డిగ్రీల దాకా పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర మొదలుపెట్టిన రసం 49కి చేరాలన్నమాట. చేరదు. అంతకు ముందే ఈస్ట్ చేతులెత్తేస్తుంది.

పుట్టిన వేడి ఎంతోకొంత గోడల గుండా బయటికి పోతూనే ఉంటుంది కదా అంటారా? పోతుంది. ఎంత పోతుందన్నది పాత్ర సైజును బట్టి ఉంటుంది. వేడి పుట్టేది రసమంతటా, పోయేది పైచర్మం నుంచి మాత్రమే. 20 లీటర్ల బకెట్‌కు ఉపరితలం 0.4 చదరపు మీటర్ల పైచిలుకు. 10,000 లీటర్ల ట్యాంకుకు అది 26 చదరపు మీటర్లు. అంటే రసం 500 రెట్లు పెరిగితే చర్మం 60 రెట్లే పెరిగింది. నేను వేసిన ముతక లెక్క ప్రకారం, మామిడి రసం అయిదారు రోజుల్లో పులుస్తుందనుకుంటే, నిశ్చలమైన గాలిలో ఉన్న బకెట్ గది కంటే సగటున ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ వేడిగా ఉంటుంది. పులియడం ఉధృతంగా ఉన్న పూట మూడు, నాలుగు డిగ్రీలు కావచ్చు. ట్యాంకు మాత్రం సగటునే 12, 13 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. చిత్తూరు షెడ్డులో 34 డిగ్రీలుంటే ట్యాంకు 46 దాటాలి. ప్రయోగశాలలో సీసాలో చక్కగా పులిసిన రసం ఫ్యాక్టరీకి వెళ్లగానే మొరాయించడానికి ఇదొక్క కారణం చాలు. ఈస్ట్ తప్పు కాదు, జ్యామితి తప్పు.

ఇంట్లో బీరు, వైన్ చేసుకునే అమెరికా తెలుగువారి చిక్కు దీనికి తలకిందులు. 20 లీటర్ల బకెట్‌లో ఈస్ట్ పుట్టించే వేడి సగటున 4 వాట్లు, అంటే చిన్న జీరో బల్బంత కూడా లేదు. డాలస్ గరాజ్‌లో ఆగస్టు ఎండ ఆ బకెట్‌లోకి నెట్టే వేడి దానికి ఏడెనిమిది రెట్లు. 34 డిగ్రీల గదిలో ఆ బకెట్‌ను 20 దగ్గర నిలపాలంటే రోజుకు ఏడు కిలోల మంచు కరగాలి. అందులో ఈస్ట్ వాటా ఒక కిలో లోపే. మిగతా ఆరు కిలోలూ ఎండతో కొట్లాటకే పోతాయి. బకెట్‌ను రెండంగుళాల మందం థర్మోకోల్ పెట్టెలో పెడితే లోపలికొచ్చే వేడి పావు వంతుకు తగ్గుతుంది. చిన్న పాత్ర ఉన్నవాడు ముందు గోడ కట్టుకోవాలి, పెద్ద ట్యాంకు ఉన్నవాడు ముందు చల్లనీటి గొట్టాలు వేసుకోవాలి. ఈ తేడా తెలియక ఒకరి సలహా మరొకరు పాటించి నష్టపోవడం మామూలే.

మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరో వైనో కాచడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. అమెరికాలో 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టంతో, ఇంటి అవసరానికి ఒక్కరున్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దవాళ్లుంటే 200 గ్యాలన్లు పన్ను లేకుండా బీరు చేసుకునే వీలు వచ్చింది. కాబట్టి ఈ వ్యాసంలో బకెట్ లెక్క సముద్రం దాటినవారికి, ట్యాంకు లెక్క లైసెన్సు తెచ్చుకోగల వ్యాపారికి. తిరుపతిలో ఉన్నవారికి ఇడ్లీ పిండి ఉంది. దాని దగ్గరికీ వద్దాం.

ఇంతకీ వేడెక్కితే ఏమవుతుంది? పులియడం త్వరగా అయిపోతే మంచిదే కదా?

పది డిగ్రీలు పెరిగితే ఈస్ట్ వేగం సుమారు రెండింతలవుతుంది. అయితే వేగంతో పాటు దాని వంట కూడా మారుతుంది. ఈస్ట్ ఆల్కహాలుతో ఆగదు. తన ఒంట్లో ప్రోటీన్లు కట్టుకోవడానికి అమైనో ఆమ్లాలను అటూ ఇటూ మారుస్తూ, పనికిరాని ముక్కలను బయటికి తోస్తుంది. ఆ ముక్కలే ఐసోఅమైల్ ఆల్కహాలు, ఐసోబ్యూటనాల్, ప్రొపనాల్ వంటివి. వీటన్నిటినీ కలిపి ఫ్యూజెల్ ఆల్కహాళ్లు అంటారు. కొద్దిగా ఉంటే రుచికి నిండుదనం ఇస్తాయి. ఎక్కువైతే గొంతు మండుతుంది, పెయింట్ డబ్బా మూత తీసినట్టు వాసన వస్తుంది. బీరు ఈస్ట్‌ను మొదటి రెండు మూడు రోజులు, అంటే అది పిల్లలు పెట్టి పెరిగే రోజుల్లో, వేడిగా ఉంచితే ఫ్యూజెల్‌లు పోటెత్తుతాయి. ఆ తర్వాత వేడెక్కినా అంత హాని లేదు. అనుభవం ఉన్న బీరు తయారీదారు మొదటి 72 గంటలు పాత్ర పక్కనే కాపలా ఉండడానికి కారణం ఇదే.

ఫ్యూజెల్‌లకు ఆమ్లాలు తోడై ఎస్టర్లు పుడతాయి. ఐసోఅమైల్ అసిటేట్ అనే ఎస్టర్‌కు పండిన అరటి వాసన. జర్మనీ గోధుమ బీరులో ఆ వాసన కోసమే జనం డబ్బులిస్తారు. లాగర్‌లో అదే వస్తే పారబోస్తారు. మామిడి వైన్‌కు ఇదింకా సున్నితమైన వ్యవహారం. మామిడికి తన సొంత వాసన ఉంది. ఆ వాసన ఇచ్చే పదార్థాలు తేలిగ్గా ఎగిరిపోయేవి. రసం వేడెక్కి, కార్బన్ డైఆక్సైడ్ బుడగలు ఉధృతంగా పైకి లేస్తుంటే ఆ వాసనను వెంటబెట్టుకుని పోతాయి. పులియబెట్టే గది నిండా మామిడి ఘుమఘుమ వస్తోందంటే, ఆ మేరకు సీసాలో అది తగ్గిపోయినట్టే. 2011 నాటి తిరుపతి పరిశోధనలో కూడా తేలింది ఇదే: ఉష్ణోగ్రత మారితే ఈస్ట్ పెరుగుదలతో పాటు సువాసన పదార్థాల పాళ్లూ మారతాయి.

ఇక డైఅసిటైల్. వెన్న వాసన ఇచ్చే పదార్థం. లాగర్‌లో అది దోషం. ఈస్ట్ మొదట దాన్ని పరోక్షంగా పుట్టించి, చివర్లో తానే మింగేస్తుంది. చలిలో ఆ మింగే పని మందగిస్తుంది. అందుకే లాగర్ చేసేవాళ్లు పులియడం ముగింపుకొచ్చాక రెండు రోజులపాటు వేడిని 16, 17 డిగ్రీలకు పెంచి, ఈస్ట్ చేత ఇల్లు ఊడిపించి, మళ్లీ సున్నా దగ్గరికి దించుతారు. ఉష్ణోగ్రత అదుపు అంటే ఒకే అంకె దగ్గర బిగించి ఉంచడమనుకునేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. తమాషా ఏమిటంటే, బీరులో నేరమైన ఈ డైఅసిటైల్ మన పెరుగులో, వెన్నలో గొప్ప గుణం. ఇంటి పెరుగుకు ఆ కమ్మదనం ఇచ్చేవాటిలో అదీ ఒకటి. 30 డిగ్రీల లోపు తోడుకునే పెరుగులో లాక్టోకాకస్ జాతి పైచేయి సాధిస్తుంది, కమ్మదనం దాని చలవే. 42, 43 డిగ్రీల దగ్గర తోడుకుంటే వేడిని ఇష్టపడే మరో రెండు జాతులు ముందుకొచ్చి, గట్టిగా, పుల్లగా, వేరే వాసనతో పెరుగు తయారవుతుంది. పాలు అవే, గిన్నె అదే. వేడి మారితే గెలిచే జీవి మారుతుంది.

35 దాటాక మామూలు వైన్ ఈస్ట్‌కు కష్టాలు మొదలు. అప్పటికే రసంలో ఆల్కహాలు చేరి ఉంటుంది. ఆల్కహాలు ఈస్ట్ కణం పొరను వదులు చేస్తుంది. వేడీ అదే పని చేస్తుంది. విడివిడిగా తట్టుకోగలిగినవి రెండూ కలిసేసరికి కణం కారిపోతుంది. సగం చక్కెర అలాగే మిగిలి పులియడం ఆగిపోతుంది. ఆ తీపి మీద బ్యాక్టీరియా వాలుతుంది. మళ్లీ కొత్త ఈస్ట్ కలిపినా, ఆల్కహాలు ఉన్న రసంలో అది నిలదొక్కుకోవడం చాలా కష్టం.

ఈ గొడవంతా ఐరోపావాళ్లకు సిద్ధాంతం తెలియకముందే అనుభవంలోకి వచ్చింది. 1553లో బవేరియాలో ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 వరకు బీరు కాచకూడదని ఆజ్ఞ జారీ అయింది. ఎండాకాలపు బీరు పాడవుతోందన్నది ప్రధాన కారణం. థర్మామీటరు లేని రోజుల్లో పంచాంగమే థర్మామీటరు. ఆ అయిదు నెలలకు సరిపడా బీరు చలికాలంలోనే చేసి, కొండ గుహల్లో, నేలమాళిగల్లో, చెరువుల మీద కోసి తెచ్చిన మంచు మధ్య దాచేవారు. చలిలో తరతరాలు నెగ్గుకొచ్చిన ఈస్టే లాగర్ ఈస్ట్ అయింది. అది రెండు జాతుల సంకరం. ఒకటి మామూలు బేకరీ ఈస్ట్ జాతి. రెండోది చలికి తట్టుకునే అడవి జాతి. ఆ రెండో తల్లిదండ్రిని 2011లో దక్షిణ అమెరికా కొనన ఉన్న పటగోనియా అడవుల్లో గుర్తించారు.

థర్మామీటరు వచ్చాక కూడా బీరు కార్ఖానాల్లోకి అంత తేలిగ్గా అడుగుపెట్టలేదు. ఇంగ్లండ్‌లో జేమ్స్ బావర్‌స్టాక్ అనే తయారీదారు 1760ల్లో తాను థర్మామీటరు వాడుతున్న సంగతి తండ్రి కంటపడకుండా దాచాల్సి వచ్చిందట. వేలు ముంచి చెప్పగలిగేవాడికి గాజు గొట్టం ఎందుకని పెద్దాయన వాదన కాబోలు. తరువాతి శతాబ్దంలో వేడీ పనీ ఒకటేనని నిరూపించిన జేమ్స్ జౌల్ బీరు వ్యాపారి కొడుకే. డిగ్రీలో వందో వంతు తేడాలు కూడా కొలవగలనని ఆయన చెబితే మొదట చాలామంది నమ్మలేదు. బీరు కార్ఖానాలో పెరిగినవాడికి థర్మామీటరు మీద అంత పట్టు ఉండడంలో ఆశ్చర్యమేముంది?

1870ల్లో కార్ల్ ఫాన్ లిండే శీతలీకరణ యంత్రాన్ని మొదట పరీక్షించింది మ్యూనిక్‌లోని ష్పాటెన్ బీరు కార్ఖానాలో. ఈనాడు మన వంటింట్లో ఉన్న ఫ్రిజ్ ఆ వంశానిదే. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచాడు. యంత్రం చలినిచ్చింది, హాన్సెన్ ఆ చలికి తగ్గ జీవిని ఇచ్చాడు. పంచాంగంతో పని తీరిపోయింది. ఏ దేశంలోనైనా, ఏ నెలలోనైనా ఒకే రుచి బీరు సాధ్యమైంది.

మన దగ్గర మంచు గుహలు లేవు. కాబట్టి మనవాళ్లు వేడిని అదుపు చేయలేదు, గడియను అదుపు చేశారు. ఈత కల్లు తెల్లవారుజామున దింపితే తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ ఘాటెక్కుతుంది. మధ్యాహ్నం దాటాక పులుపు తిరిగి, ఎండ ముదిరితే వినిగర్ వైపు నడుస్తుంది. తీపి కావాలంటే కుండకు సున్నం పూసి ఈస్ట్‌ను ఆపడం, ఘాటు కావాలంటే ఫలానా పొద్దుకు తాగడం, ఇంతే వాళ్ల చేతిలో ఉన్నవి. అది అజ్ఞానం కాదు. అదుపులో లేని ఉష్ణోగ్రతకు అదుపులో ఉన్న కాలాన్ని జతచేయడం పక్కా సాంకేతికతే. కాకపోతే కల్లును చిత్తూరులో దింపి చెన్నైలో అమ్మలేం. నిలవ ఉండే సరుకు కావాలంటే డిగ్రీలతో తలపడక తప్పదు.

ఇడ్లీ పిండి కథ ఇంకాస్త చిక్కు. పిండి పొంగడానికి కారణం ఈస్ట్ అని చాలాకాలం అనుకున్నారు. 1965లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టెయిన్‌క్రాస్ బృందం, అందులో మన దేశపు ముఖర్జీ కూడా ఒకరు, ఇడ్లీ పిండిని పరిశీలించి పొంగుకు ప్రధాన కారణం ల్యూకోనోస్టాక్ మెసెంటిరాయిడిస్ అనే బ్యాక్టీరియా అని చూపింది. ఇది ఆమ్లంతో పాటు కార్బన్ డైఆక్సైడ్ వాయువునూ వదులుతుంది. మినప్పప్పు జిగురు ఆ వాయువును పట్టి ఉంచుతుంది. ఈ బ్యాక్టీరియాకు 20 నుంచి 30 డిగ్రీలు అనుకూలం. అంతకంటే వేడెక్కితే, వాయువు ఇవ్వకుండా ఆమ్లం మాత్రమే చేసే జాతులు త్వరగా దాన్ని దాటిపోతాయి. మే నెలలో తిరుపతి ఇళ్లలో పిండి పొంగినట్టే పొంగి, తెల్లారేసరికి కుంగిపోయి, ఇడ్లీ గట్టిగా, పుల్లగా రావడం వెనక ఉన్న పోటీ ఇదే. పిండిలో వేసే ఉప్పు కూడా ఈ పోటీలో ఒక చేయి వేస్తుంది, పులియడాన్ని కాస్త నెమ్మదింపజేస్తుంది. అందుకే ఎండాకాలం రుబ్బిన వెంటనే ఉప్పు వేయడం, చలికాలం పొంగాక వేయడం కొన్ని ఇళ్లలో అలవాటు.

పాత చిత్తూరు జిల్లా ఈ విషయంలో ఒక సహజ ప్రయోగశాల. తిరుపతి సముద్ర మట్టానికి 160 మీటర్ల ఎత్తున ఉంటే మదనపల్లె 700 మీటర్ల దగ్గర, తిరుమల 850 దగ్గర, హార్స్‌లీ కొండలు 1,265 మీటర్ల దగ్గర ఉన్నాయి. వెయ్యి మీటర్లు ఎక్కితే దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందనుకుంటే, తిరుపతికీ హార్స్‌లీ కొండలకూ ఏడు డిగ్రీల తేడా. తిరుపతిలో 8 గంటల్లో పొంగే పిండికి అక్కడ 12, 13 గంటలు పడుతుంది. రుచి కూడా తేడాగా ఉంటుంది, పులుపు తక్కువ, పొంగు ఎక్కువ. నమ్మకం కుదరకపోతే ఒకే రుబ్బు పిండిని రెండు డబ్బాల్లో రెండు చోట్లకూ తీసుకెళ్లి చూడొచ్చు.

ఎవరు ఏది పులియబెట్టినా, కొలవాల్సింది లోపలి వేడిని. గోడకు తగిలించిన థర్మామీటరు గదిని కొలుస్తుంది, పాత్రను కాదు. థర్మోస్టాట్ కొని పాత ఫ్రిజ్‌కు తగిలించే అమెరికా తెలుగు బీరు ప్రియులకు ఈ పాఠం మొదటి బకెట్‌తోనే వస్తుంది. సెన్సార్‌ను ఫ్రిజ్ గాలిలో వేలాడదీస్తే, గాలి చప్పున చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, బకెట్ మాత్రం వేడిగానే ఉంటుంది. పోనీ రసం మధ్యలో ముంచితే, రసం నిదానంగా చల్లబడేలోగా ఫ్రిజ్ గడ్డకట్టేంత చల్లబడిపోయి, ఆపాక కూడా బకెట్ దిగుతూనే ఉంటుంది. మధ్యేమార్గం, సెన్సార్‌ను బకెట్ పక్క గోడకు ఆనించి, దాని మీద స్పాంజో థర్మోకోల్ ముక్కో కప్పి టేపు వేయడం. అప్పుడది గాలిని కాక రసాన్ని చదువుతుంది. థర్మోస్టాట్‌లో అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా ఊగిసలాట ఇవ్వాలి, కంప్రెసర్ ఆగాక మళ్లీ మొదలవడానికి మూడు నిమిషాల పైనే విరామం పెట్టాలి. లేదంటే ఈస్ట్ బతుకుతుంది, ఫ్రిజ్ చస్తుంది.

ఇక్కడో మాట చెప్పాలి. బీరు బకెట్ చుట్టూ ఇంత సరంజామా పెట్టుకున్న మగవాళ్ల ఇళ్లలోనే, చికాగో జనవరిలో ఆడవాళ్లు ఓవెన్ వెలిగించకుండా, లోపలి దీపం ఒక్కటే వేసి, ఇడ్లీ పిండిని 28, 30 డిగ్రీల దగ్గర నిలబెడుతున్నారు. అంత చలిలో అంత చక్కగా పులియబెట్టడం చిన్న విషయం కాదు. దాన్ని ఎవరూ బ్రూయింగ్ అనరు, అంతే తేడా.

ఎండలో చల్లబరచడానికి మనకున్న పాత ఉపాయం తడిగుడ్డ. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఇంట్లో బీరు చేసేవాళ్లూ బకెట్‌కు తడి టీషర్టు తొడిగి, నీళ్ల పళ్లెంలో నిలబెట్టి, ముందు ఫ్యాను పెడతారు. ఒక గ్రాము నీరు ఆవిరవడానికి 580 కేలరీల దాకా లాక్కుంటుంది కాబట్టి ఉపాయం గట్టిదే. మట్టికుండ చెమర్చి నీళ్లు చల్లబరిచేదీ ఇలాగే. అయితే ఇది ఎంత లోతుకు దించగలదో గాలిలోని తేమ నిర్ణయిస్తుంది. మే మధ్యాహ్నం 40 డిగ్రీలు, తేమ 25 నుంచి 30 శాతం ఉన్నప్పుడు తడిగుడ్డ 24 నుంచి 26 డిగ్రీల దాకా దించగలదు. పద్నాలుగు నుంచి పదహారు డిగ్రీల లాభం. నవంబరులో ఈశాన్య రుతుపవనాలు తిరుపతిని ముంచెత్తే రోజుల్లో 27 డిగ్రీలు, 90 శాతం తేమ ఉంటే లాభం ఒకటి, ఒకటిన్నర డిగ్రీలే. రెండు కాలాల్లోనూ అది చివరికి ఆగేది దాదాపు ఒకే చోట, 25 అటూ ఇటూ. ఇడ్లీ పిండికి అది చాలు. 20 కోరే వైన్ ఈస్ట్‌కు చాలదు.

అంటే తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో మామిడి వైన్ చేయాలనుకునేవాళ్ల ముందు రెండే దారులు. ఒకటి, చలిని కొనుక్కోవడం. గుజ్జు ఫ్యాక్టరీలకు ఇదేమీ కొత్త కాదు, చల్లనీటి యంత్రాలు వాటికి ఉన్నవే. పదివేల లీటర్ల ట్యాంకు పులిసే అయిదారు రోజుల్లో ఈస్ట్ పుట్టించే వేడి మొత్తం 230 యూనిట్ల కరెంటుకు సమానం. దాన్ని బయటికి తోయడానికి శీతలీకరణ యంత్రం కాల్చేది అందులో మూడో వంతు. బయటి ఎండ వాటా దీనికి అదనం కాబట్టి ట్యాంకుకు మందపాటి ఇన్సులేషన్ ఉండాలి. ఇంకో తెలివి కూడా ఉంది. గుజ్జు ఎసెప్టిక్ డబ్బాల్లో నెలల తరబడి చెడకుండా ఉంటుంది. జూన్‌లో కాయ తీసుకుని, డిసెంబరు చలిలో పులియబెడితే కరెంటు బిల్లు తగ్గుతుంది. బవేరియా పంచాంగాన్ని మన ఫ్యాక్టరీ గోడకు తగిలించడమన్నమాట.

రెండోది, వేడిని ఇష్టపడే ఈస్ట్‌ను తెచ్చుకోవడం. నార్వే పడమటి పల్లెల్లో రైతులు తరతరాలుగా ఇంట్లో దాచుకుంటూ వచ్చిన క్వైక్ అనే ఈస్ట్ 35 నుంచి 40 డిగ్రీల మధ్య, ఫ్యూజెల్ మంట లేకుండా రెండు మూడు రోజుల్లో బీరు తయారుచేస్తుంది. అంత చలిదేశంలో అంత వేడిని కోరే ఈస్ట్ ఎలా నిలిచిందంటే, ఆ రైతులు కాచిన రసం పూర్తిగా చల్లారకముందే ఈస్ట్ వేసేవారు, వేడికి తట్టుకున్నదే మిగిలింది. మన ఈత, తాటి కుండల్లో శతాబ్దాలుగా 30 డిగ్రీల పైన బతుకుతున్న ఈస్ట్‌లు ఉన్నాయి. వాటిలో మామిడి వాసనను చెడగొట్టకుండా 34 డిగ్రీల దగ్గర శుభ్రంగా పని ముగించే రకం ఉంటే, దాన్ని వెతకాల్సిన చోటు నార్వే కాదు, చిత్తూరు ఈతవనాలే. విశ్వవిద్యాలయాల మైక్రోబయాలజీ విభాగాలు విద్యార్థుల ప్రాజెక్టుగానైనా ఈ వేట మొదలుపెట్టాలి. ఖర్చు ఎక్కువ కాదు.

అప్పటిదాకా మామిడి వైన్‌లో డబ్బు పెట్టాలనుకునేవారు మొదట సీసా ఆకారం గురించీ లేబుల్ గురించీ కాకుండా, చల్లనీటి యంత్రం (చిల్లర్) గురించి బేరమాడండి. ఇంట్లో ఉన్నవారు ఈ ఎండాకాలం ఒక ప్రోబ్ థర్మామీటరు తెచ్చి, రాత్రి పదింటికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి పిండి నడిమధ్య గుచ్చి చూడండి. 30 దాటిందంటే గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టండి, లేదా రుబ్బడం రెండు గంటలు ఆలస్యం చేయండి.